ఇంటి సర్వర్‌లో డాకర్ అప్‌డేట్లు విపరీతంగా స్లో. నెట్ బాగుంది, ఎస్‌ఎస్‌డీ ఉంది, ఇంకేం చూడాలి?

మేడమీద_సర్వర్
పార్క్‌లేన్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ మినీ పీసీ. ఆరో తరం ఐ5, 16 జీబీ ర్యామ్. డెబియన్ 13 లినక్స్ మీద డాకర్ (ఒక్కో యాప్‌ని విడి కంటైనర్‌లో నడిపేది). ఇమిచ్ (ఫోటోలు), జెల్లీఫిన్ (సినిమాలు), నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు), పేపర్‌లెస్ (స్కాన్ చేసిన కాగితాలు), వాల్ట్‌వార్డెన్ (పాస్‌వర్డులు), హోమ్ అసిస్టెంట్, పై-హోల్ (ఇంటి డీఎన్‌ఎస్, అంటే సైట్ల పేర్లకి అడ్రస్ చెప్పేది), అన్నీ ఒకే కంపోజ్ ఫైల్లో (ఏ యాప్ ఎలా నడవాలో రాసే ఫైల్) ఉన్నాయి. సంక్రాంతి సెలవుల్లో ఓఎస్ కొత్తగా వేసేదాకా ఏ గొడవా లేదు. ఆదివారం పొద్దున కాఫీ తాగేలోపు అప్‌డేట్లు అయిపోయేవి. ఇప్పుడు కంపోజ్ పుల్ (కొత్త ఇమేజ్‌లు, అంటే యాప్ ప్యాకేజీలు దించే కమాండ్) కొట్టి టిఫిన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా నడుస్తూనే ఉంటోంది.

స్పీడ్ టెస్టులో 150 ఎంబీపీఎస్ వస్తోంది. డాకర్ మొత్తం ఎస్‌ఎస్‌డీ మీదే ఉంది. డాకర్ సెట్టింగులుండే డీమన్ జేసన్ ఫైల్లో డేటా-రూట్ లైను (సరుకు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పేది) పాత ఇన్‌స్టాల్లో ఎలా ఉందో అలాగే తెచ్చి పెట్టాను. కాబట్టి డిస్క్ మార్చమని మాత్రం చెప్పకండి. అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ పై-హోల్ కూడా సరిగ్గా పలకదు. కింద అమ్మ టీవీలో సీరియల్ బదులు గుండ్రం తిరుగుతుంది, కాసేపటికి నాకు బుర్ర తిరుగుతుంది.

కృష్ణలంక_కేబుల్
నెట్టే. స్పీడ్ టెస్ట్ సర్వర్ మీ ఊళ్లోనే ఉంటుంది కాబట్టి నంబర్ బాగానే వస్తుంది, బయటికి వెళ్తే కథ వేరు. పైగా ఇళ్లకిచ్చే కనెక్షన్లు చాలావరకు సీజీనాట్ వెనకే. ఒకే ఐపీని వీధంతా వాడుతూ ఉంటారు. ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్‌లో లాగిన్ లేకపోతే ఒక ఐపీకి 6 గంటలకి 100 పుల్స్ వరకే ఇస్తారు, ఉచిత ఖాతాతో లాగిన్ అయితే 200. ముందు డాకర్ లాగిన్ కొట్టి చూడండి.

రూట్_రమణి
లిమిట్ దాటితే స్లో అవ్వదు, టూ మెనీ రిక్వెస్ట్స్ అని 429 ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఇమిచ్ అయితే అసలు హబ్ నుంచి రాదు, గిట్‌హబ్ రిజిస్ట్రీ నుంచి వస్తుంది.

@మేడమీద_సర్వర్ ఎక్కడ ఆలస్యమవుతోందో చెప్పండి ముందు. పుల్ కొట్టినప్పుడు ఒక్కో లేయర్ (ఇమేజ్‌లో ఒక పొర) పక్కన డౌన్‌లోడింగ్ అని వచ్చి, తర్వాత ఎక్స్‌ట్రాక్టింగ్ అని మారుతుంది. ఎక్కువసేపు కనబడుతున్నది ఏది?

మేడమీద_సర్వర్
ఎక్స్‌ట్రాక్టింగ్. ఇప్పుడే మళ్లీ చూశాను. డౌన్‌లోడ్ గీతలు చకచకా నిండిపోతున్నాయి. ఇమిచ్ మెషిన్ లెర్నింగ్ ఇమేజ్‌లో ఒక పెద్ద లేయర్ దగ్గర మాత్రం సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

కృష్ణలంక_కేబుల్
అలాగైతే నెట్ కాదులెండి. లాగిన్ మాత్రం చేసి పెట్టుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

అర్ధరాత్రి_డీబగ్
ఆరో తరం ఐ5 కదా. లేయర్లు జీజిప్‌తో కుదించి వస్తాయి, దాన్ని విప్పే పని ఒక్క కోర్ మీదే నడుస్తుంది. పిగ్జ్ ప్యాకేజీ వేయండి. అన్‌పిగ్జ్ దొరికితే డాకర్ దాన్నే వాడుకుంటుంది. లేకపోతే గో భాషలో ఉన్న సొంత జీజిప్‌తో నెట్టుకొస్తుంది, అది నిదానం.

ఫ్రిస్కో_బావ
పిగ్జ్‌తో కొంత తేడా వస్తుంది కానీ నిమిషాల పని గంటలకి వెళ్లదు బ్రో. నా దగ్గర దీనికంటే పాత నాలుగో తరం మెషిన్ ఉంది, గరాజ్‌లో పడేశాను. టెక్సస్ ఎండల్లో కూడా ఇమిచ్ పుల్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. సీపీయూ మీద నింద వేసేముందు టాప్ కమాండ్ కొట్టి చూడమనండి.

రూట్_రమణి
అవును, టాప్ తెరిచి పైన సీపీయూ లైన్లో డబ్ల్యూఏ (డిస్క్ కోసం ఎదురుచూపు) పక్కన ఎంతుందో చెప్పండి. పుల్ నడుస్తుండగానే చూడాలి, అయిపోయాక కాదు.

మేడమీద_సర్వర్
యూఎస్ (యాప్‌ల పని) 6 దగ్గర, డబ్ల్యూఏ 70 పైన. లోడ్ యావరేజ్ 14 దాటింది, నాలుగు కోర్ల మెషిన్‌లో! పుట్టీ విండోలో ఒక అక్షరం కొడితే ఆలోచించుకుని చూపిస్తోంది.

అర్ధరాత్రి_డీబగ్
సరే, సీపీయూ ఖాళీగానే ఉంది. డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. పిగ్జ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

వైజాగ్_వైఫై
డాకర్ ఇన్ఫో కొట్టి స్టోరేజ్ డ్రైవర్ (లేయర్లని డిస్క్ మీద పేర్చే పద్ధతి) ఏముందో చూడండి. వీఎఫ్‌ఎస్ అని ఉంటే దొంగ దొరికినట్టే. మా ఆఫీసులో ఒకతను ప్రాక్స్‌మాక్స్ మీద ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్ పెట్టి, అందులో డాకర్ నడిపేవాడు. కింద జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్. మామూలుగా వాడే ఓవర్‌లే డ్రైవర్ కుదరక డాకర్ గుట్టుచప్పుడు కాకుండా వీఎఫ్‌ఎస్‌కి దిగిపోయింది. వీఎఫ్‌ఎస్‌లో లేయర్లు పంచుకోవడం ఉండదు, ప్రతి లేయర్‌కీ కింది లేయర్ మొత్తం మళ్లీ కాపీ చేస్తుంది. పది లేయర్ల ఇమేజ్ అంటే అదే సరుకు మళ్లీ మళ్లీ రాయడమే. అప్‌డేట్ స్లో అవ్వడం అలా ఉంచండి, 200 జీబీ డిస్క్ నిండిపోయింది అతనికి.

మేడమీద_సర్వర్
నాది ఎల్‌ఎక్స్‌సీ కాదు, నేరుగా మెషిన్ మీదే. స్టోరేజ్ డ్రైవర్: ఓవర్‌లేఎఫ్‌ఎస్ అని ఉంది.

వైజాగ్_వైఫై
అయితే బాగానే ఉంది. ఎస్‌ఎస్‌డీ ఏ రకం? ధర తక్కువ క్యూఎల్‌సీ రకం ఎస్‌ఎస్‌డీల్లో ఎస్‌ఎల్‌సీ క్యాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండాక రాసే వేగం హార్డ్ డిస్క్ కంటే కిందికి పడిపోవచ్చు. బాక్స్ మీద 500 ఎంబీ అని రాస్తారు, అది మొదటి కాసేపే.

పార్క్‌లేన్_పాతసరుకు
నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి ఒక మాట. సెకండ్ హ్యాండ్ మినీ పీసీలతో వచ్చే ఎస్‌ఎస్‌డీని నమ్మకండి. స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ ఆరోగ్యం చూపే కమాండ్) కొట్టి ఎంత రాశారో, ఎంత మిగిలిందో చూడండి. 199 నంబర్ ఆట్రిబ్యూట్ సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతూ ఉంటే మాత్రం చాలావరకు డిస్క్ మంచిదే, సాటా కేబుల్ పోయిందని అర్థం. కేబుల్ వంద రూపాయలు. దానికి ఎస్‌ఎస్‌డీ మార్చేసినవాళ్లు నా దగ్గరికే వస్తుంటారు.

మేడమీద_సర్వర్
ఎస్‌ఎస్‌డీ నేను కొత్తగా కొని వేసిందే. టీఎల్‌సీ (క్యూఎల్‌సీ కంటే మెరుగైన రకం), ఎన్‌వీఎంఈ, హెల్త్ 97 శాతం. సీఆర్‌సీ ఎర్రర్లు ఏ డిస్క్‌లోనూ లేవు. బూట్ డిస్క్ వేరే ఉంది, పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 1 టీబీ హార్డ్ డిస్క్. అందులో ఓఎస్ తప్ప ఏమీ లేదు, దాంతో సంబంధం లేదు.

సైలెంట్_రీడర్
"దాంతో సంబంధం లేదు" అన్నచోటే సంబంధం ఉంటుంది సాధారణంగా.

ఫ్రిస్కో_బావ
ఇంతకీ పుల్, అప్ (కొత్త కంటైనర్లు లేపడం) రెండూ కలిపి లెక్కేస్తున్నారా? పాత కంటైనర్ ఆపడానికే డాకర్ 10 సెకన్లు ఆగుతుంది. సిగ్‌టర్మ్ (ఆగమనే సిగ్నల్) పంపి చూస్తుంది, పలకకపోతే సిగ్‌కిల్ (బలవంతంగా ఆపేది). లోపల షెల్ స్క్రిప్ట్ ఒకటో ప్రాసెస్‌గా కూర్చుంటే సిగ్నల్ అసలు అప్లికేషన్ దాకా చేరదు, ప్రతిసారీ పూర్తి 10 సెకన్లు పోతాయి. ఆపిన కంటైనర్ ఎగ్జిట్ కోడ్ 137 అని చూపిస్తే అదే. కంపోజ్‌లో ఇనిట్ ట్రూ (సిగ్నళ్లు లోపలికి అందించే చిన్న ప్రాసెస్) పెడితే చాలా వాటికి పోతుంది. డేటాబేస్‌లకి మాత్రం తొందరపెట్టకండి, స్టాప్ గ్రేస్ పీరియడ్ (ఆగడానికి ఇచ్చే గడువు) నిమిషం ఇవ్వండి.

జీరో_బ్యాకప్
అమ్మగారి సీరియల్ ఇలాగే ఆపుతూ ఉంటే మేడమీద సర్వర్ గారు కూడా 137తోనే ఎగ్జిట్ అవుతారు.

మేడమీద_సర్వర్
గ్రేస్ పీరియడ్ కూడా ఇవ్వరు మా ఇంట్లో.

@ఫ్రిస్కో_బావ కాదండీ, ఒట్టి పుల్‌కే ఇంతసేపు. అప్ వేరే.

కృష్ణలంక_కేబుల్
పై-హోల్ సంగతి విడిగా చూసుకోండి. సర్వర్ రిజాల్వ్ కాన్ఫ్‌లో డీఎన్‌ఎస్ అడ్రస్ ఏముంది? తన పై-హోల్‌నే తను అడుగుతోంది అంటే పెద్ద ఇబ్బంది. ఇమేజ్‌లు తెచ్చేది హోస్ట్ డీఎన్‌ఎస్‌తోనే. పై-హోల్ ఆగిన క్షణంలో ఇంకో ఇమేజ్ పుల్ అవ్వాల్సి వస్తే పేరు దొరక్క ఫెయిల్ అవుతుంది. హోస్ట్‌కి 9.9.9.9 లాంటిది నేరుగా ఇవ్వండి, పై-హోల్ ఇంట్లో మిగతా వాటికి.

అర్ధరాత్రి_డీబగ్
+1. ముందు అన్నీ పుల్, తర్వాతే అప్. రెండూ కలిపితే ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కుంటారు.

జీరో_బ్యాకప్
అసలు ఇంట్లో వాడే వాటికి వారం వారం అప్‌డేట్లు ఎందుకు? నడుస్తున్న బండిని ఆపి బోల్టులు బిగించడం దేనికి? నేను ఏడాదికోసారి చేస్తా, హాయిగా ఉంది.

రూట్_రమణి
బయటికి తెరవని వాటికైతే పర్వాలేదు. నెక్స్ట్‌క్లౌడ్, వాల్ట్‌వార్డెన్ ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టి ఏడాదికోసారి అంటే ఒప్పుకోను. పైగా ఏడాది ఆగితే ఎన్నో వెర్షన్లు ఒక్క దూకులో దాటాలి. నెక్స్ట్‌క్లౌడ్ ఒక మేజర్ వెర్షన్ వదిలేసి పైదానికి వెళ్లనివ్వదు, ఒక్కొక్కటీ ఎక్కాల్సిందే.

వైజాగ్_వైఫై
అలాగని ఆటో అప్‌డేట్ కూడా వద్దు. మా తమ్ముడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి వెర్షన్ నంబర్ బదులు లేటెస్ట్ ట్యాగ్ పెట్టి రాత్రి మూడింటికి దానంతట అదే అప్‌డేట్ అయ్యేలా వదిలేశాడు. ఒక పొద్దున లేచేసరికి మేజర్ వెర్షన్ మారింది. కొత్త వెర్షన్ పాత డేటా ఫోల్డర్‌ని ముట్టుకోనంటుంది కదా. డంప్ (డేటా బ్యాకప్) తీసుకోలేదు. పాత ట్యాగ్‌కి వెనక్కి వెళ్లి బతికిపోయాడు. డేటాబేస్‌లకి వెర్షన్ నంబర్ రాయాలి, ఎప్పుడూ లేటెస్ట్ పెట్టకూడదు.

జీరో_బ్యాకప్
చూశారా, ఏడాదికోసారి బెటర్.

రూట్_రమణి
ఆ చర్చ వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం, ఇది పక్కదారి పడుతోంది.

@మేడమీద_సర్వర్ సైలెంట్_రీడర్ గారి అనుమానమే నాదీ. సిస్‌స్టాట్ ప్యాకేజీ వేసి, పుల్ నడుస్తుండగా ఇంకో విండోలో ఐఓస్టాట్‌ని ఎక్స్ ఆప్షన్‌తో సెకనుకోసారి నడపండి. చివరి కాలమ్ యుటిల్ శాతం, రాసేటప్పుడు ఆలస్యం చూపించే డబ్ల్యూ అవెయిట్, రెండూ కావాలి. రెండు డిస్కులవీ.

మేడమీద_సర్వర్
ఇదేంటండీ!

ఎన్‌వీఎంఈ, అంటే ఎస్‌ఎస్‌డీ: యుటిల్ 0, 1 మధ్యే.
ఎస్‌డీఏ, అంటే పాత హార్డ్ డిస్క్: యుటిల్ 100 దగ్గర అతుక్కుపోయింది. డబ్ల్యూ అవెయిట్ 800 నుంచి 2000 మిల్లీసెకన్లు.

డేటా-రూట్ ఎస్‌ఎస్‌డీకే ఉంది, మళ్లీ ఒకసారి చూసి చెప్తున్నా. డాకర్ ఇన్ఫోలో డాకర్ రూట్ డైరెక్టరీ కూడా ఎస్‌ఎస్‌డీ దారే చూపిస్తోంది. మరి హార్డ్ డిస్క్ మీద రాస్తున్నది ఎవరు?

పార్క్‌లేన్_పాతసరుకు
ఎవరు రాస్తున్నారో కానీ, అలా కొట్టుకోవడానికి కారణం చెప్తా. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన సన్నటి 1 టీబీ డిస్క్ అంటే చాలావరకు ఎస్‌ఎంఆర్. అందులో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా ఉంటాయి. ఒక ట్రాక్ మార్చాలంటే పక్కనున్నవి కూడా మళ్లీ రాయాలి. పెద్ద సినిమా ఫైల్ వరసగా కాపీ చేస్తే తేడా తెలియదు, వేల కొద్దీ చిన్న ఫైళ్లు పడితే చతికిలబడుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ సిరీస్‌లో కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని బయటపడినప్పుడు ఎన్ఏఎస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) వాడేవాళ్లంతా గగ్గోలు పెట్టింది ఇందుకే.

అర్ధరాత్రి_డీబగ్
పైథాన్ ఇమేజ్‌లు మరీ ఘోరం. ఇమిచ్ మెషిన్ లెర్నింగ్ లోపల సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఎన్ని వేల చిన్న ఫైళ్లో. పెళ్లి భోజనాల్లో అన్ని పంక్తులకీ ఒక్కడే ఉప్పు వడ్డిస్తున్నట్టు ఉంటుంది ఆ డిస్క్ హెడ్ పని.

రూట్_రమణి
దొరికింది అనుకుంటున్నా. మీరు పైన స్టోరేజ్ డ్రైవర్ ఓవర్‌లేఎఫ్‌ఎస్ అని రాశారు. మేమంతా ఓవర్‌లే2 అని చదువుకుని ముందుకెళ్లిపోయాం. రెండూ ఒకటి కాదు. ఆ లైన్ కింద డ్రైవర్ టైప్ అని ఇంకో లైన్ ఉండాలి, అందులో కంటైనర్‌డీ (డాకర్ కింద కంటైనర్లు నడిపే ప్రోగ్రామ్) స్నాప్‌షాటర్ అని ఉందా? డాకర్ వెర్షన్ ఎంత? డెబియన్ వాళ్ల ప్యాకేజీనా, డాకర్ సొంత రెపో నుంచా?

మేడమీద_సర్వర్
డాకర్ రెపో నుంచి. వెర్షన్ 29. డ్రైవర్ టైప్ లైన్ ఉంది, స్నాప్‌షాటర్ అనే ఉంది.

రూట్_రమణి
అదే. డాకర్ ఇంజిన్ 29 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఇమేజ్‌లని డాకర్ తన దగ్గర పెట్టుకోదు, కంటైనర్‌డీకి అప్పగిస్తుంది. కంటైనర్‌డీకి మీ డేటా-రూట్ సంగతి తెలియదు. దాని ఇల్లు వార్ లిబ్ కంటైనర్‌డీ ఫోల్డర్, అది మీ బూట్ డిస్క్ మీద ఉంది. డేటా-రూట్‌లో ఇప్పుడు ఉండేవి వాల్యూములు (యాప్‌ల డేటా), లాగ్ ఫైళ్లు, కంటైనర్ల సెట్టింగులు. ఇమేజ్ లేయర్లు, నడుస్తున్న కంటైనర్లు లోపల రాసుకునే పై పొర, అన్నీ ఆ హార్డ్ డిస్క్ మీదే. పై-హోల్ నత్తి నత్తిగా పలకడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది.

పాత ఇన్‌స్టాల్‌ని అప్‌గ్రేడ్ చేసుకుంటూ 29కి వచ్చినవాళ్లకి ఓవర్‌లే2 అలాగే ఉంటుంది. అందుకే ఫ్రిస్కో_బావ గారికి తగల్లేదు.

ఫ్రిస్కో_బావ
ఇప్పుడే చూశా, నాది 29 అయినా ఓవర్‌లే2నే. వచ్చే నెల కొత్త మెషిన్‌కి మారదామనుకుంటున్నా. మంచి టైమ్‌కి ఈ థ్రెడ్ పడింది.

మేడమీద_సర్వర్
వార్ లిబ్ కంటైనర్‌డీ మీద డీయూ (సైజు చూపే కమాండ్) కొట్టాను, 61 జీబీ. ఎస్‌ఎస్‌డీ మీదున్న డాకర్ ఫోల్డర్లో ఓవర్‌లే2 అనే సబ్‌ఫోల్డరే లేదు. సెట్టింగ్ నేను మార్చలేదు, డాకరే ఇల్లు మారిపోయింది. ఒక్క వార్నింగ్ లైన్ వేసి ఉంటే ఏం పోయేది?

అర్ధరాత్రి_డీబగ్
రిలీజ్ నోట్స్‌లో ఉంది. మనం ఎప్పుడు చదివాం గనక.

61 జీబీ ఎందుకంటే, ఈ పద్ధతిలో విప్పిన ఫైళ్లతో పాటు దిగిన కంప్రెస్డ్ లేయర్ కూడా ఉంచుకుంటుంది. అదే ఇమేజ్‌లకి పాత పద్ధతి కంటే ఎక్కువ చోటు పడుతుంది.

సులువు దారి: డీమన్ జేసన్‌లో ఫీచర్స్ కింద కంటైనర్‌డీ-స్నాప్‌షాటర్‌కి ఫాల్స్ పెట్టి డాకర్ రీస్టార్ట్ చేయండి. పాత ఓవర్‌లే2 వచ్చేస్తుంది, డేటా-రూట్‌ని గౌరవిస్తుంది.

రూట్_రమణి
పనిచేస్తుంది, కానీ నాకు నచ్చదు. వాళ్లు ముందుకి తీసుకెళ్తున్నదాన్ని ఆపుకుని కూర్చుంటే ఇంకోసారి ఇదే పని చేయాలి. పైగా రెండు స్టోర్లు వేర్వేరు, మార్చగానే ఇమేజ్‌లు, కంటైనర్లు ఏవీ కనబడవు, చూసేవాళ్లకి గుండె ఆగుతుంది. కంటైనర్‌డీ ఫోల్డర్‌నే ఎస్‌ఎస్‌డీకి జరపడం మంచిది.

ముందు డాకర్ సర్వీస్, డాకర్ సాకెట్, కంటైనర్‌డీ మూడూ ఆపండి. సాకెట్ వదిలేస్తే ఎవరో ఒకరు డాకర్ కమాండ్ కొట్టగానే మళ్లీ లేస్తుంది. తర్వాత ఆర్‌సింక్‌తో కాపీ చేయండి, హార్డ్ లింకులు, ఏసీఎల్‌లు, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు పోకుండా పెద్ద హెచ్, ఏ, ఎక్స్ ఆప్షన్లు ఇవ్వాలి. ఈటీసీ కంటైనర్‌డీ ఫోల్డర్లో కాన్ఫిగ్ టామల్ ఉంటుంది, అందులో రూట్ అనే లైన్ ముందు హ్యాష్ తీసేసి ఎస్‌ఎస్‌డీ దారి రాయండి. కంటైనర్‌డీ కాన్ఫిగ్ డంప్ కొడితే కొత్త దారి కనబడాలి. పాత ఫోల్డర్ వెంటనే చెరపకండి, పేరు మార్చి ఉంచండి.

అర్ధరాత్రి_డీబగ్
ఇంటి సర్వర్‌కి ఇంత తతంగం ఎందుకండీ? కంపోజ్ ఫైల్ ఉంది, డేటా అంతా వాల్యూముల్లో ఉంది. ఫాల్స్ పెట్టి మళ్లీ పుల్ కొడితే అయిపోయింది. కంటైనర్లు కనబడకపోతే ఏంటి, అవి మళ్లీ పుట్టేవే కదా.

వైజాగ్_వైఫై
ఇద్దరూ కరెక్టే. నేనైతే కాపీ కూడా చేయను. ఖాళీ ఫోల్డర్‌కి దారి మార్చేసి కొత్తగా పుల్ చేస్తా. ఆ హార్డ్ డిస్క్ నుంచి 61 జీబీ చిన్న ఫైళ్లు చదవడం కంటే 150 ఎంబీపీఎస్‌లో దించుకోవడమే త్వరగా అవుతుంది.

రూట్_రమణి
ఇది మాత్రం బాగుంది. సరే, కాపీ వద్దు. కంటైనర్ లోపలే ఏమైనా దాచుకుని, వాల్యూముకి ఇవ్వనివి ఉన్నాయేమో ముందు చూసుకోండి, అవి మాత్రం పోతాయి.

పార్క్‌లేన్_పాతసరుకు
ఇంకోటి. ఎస్‌ఎస్‌డీకి ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ (డిస్క్ దొరక్కపోయినా బూట్ ఆపకు అనే ఆప్షన్) పెట్టి ఉంటే జాగ్రత్త. కరెంటు పోయి వచ్చినప్పుడు డిస్క్ మౌంట్ అవ్వకముందే కంటైనర్‌డీ లేచిందంటే, ఖాళీ ఫోల్డర్లో కొత్త సంసారం మొదలుపెడుతుంది. సిస్టమ్‌డీలో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అనే లైన్ ఒకటి కంటైనర్‌డీ సర్వీస్‌కి రాసి పెట్టండి. డాకర్‌కి కూడా.

మేడమీద_సర్వర్
అయింది. టీవీ ఎవరూ చూడని టైమ్ చూసి చేశాను. దారి మార్చి, ఖాళీ ఫోల్డర్లోకి అన్నీ కొత్తగా పుల్ కొట్టాను. ఇమిచ్ మెషిన్ లెర్నింగ్ పెద్ద లేయర్ అర నిమిషం లోపే విప్పేసింది. మొత్తం స్టాక్ పావుగంటలో దిగింది, ఈసారి ఆలస్యం నిజంగా డౌన్‌లోడ్‌దే. ఐఓస్టాట్‌లో ఎస్‌డీఏ ప్రశాంతంగా ఉంది. హోస్ట్ డీఎన్‌ఎస్ కూడా పై-హోల్ నుంచి తప్పించాను.

ఒకటి మాత్రం మిగిలింది. పేపర్‌లెస్ ఆపేటప్పుడు ఇంకా 10 సెకన్లు ఆగి 137 వస్తోంది. ఇనిట్ ట్రూ పెడితే కంటైనర్ అసలు లేవనే లేదు.

ఫ్రిస్కో_బావ
దానికి లోపల సొంత ఇనిట్ ఉంటుంది, ఎస్6. మీ ఇనిట్ తీసేయండి, రెండూ పడవు. ఓసీఆర్ (స్కాన్‌లో అక్షరాలు చదవడం) నడుస్తుంటే ముగించుకోవడానికి టైమ్ పడుతుంది. గ్రేస్ పీరియడ్ 30 సెకన్లు ఇచ్చి చూడండి.

కృష్ణలంక_కేబుల్
డాకర్ లాగిన్ చేశారా?

మేడమీద_సర్వర్
చేశానండీ, చేశాను.

సైలెంట్_రీడర్
ఇది చదివి నాది చూసుకున్నా. ఎన్100 మినీ పీసీ, 64 జీబీ ఈఎంఎంసీ (బోర్డుకే ఉండే చిన్న స్టోరేజ్) మీద ఓఎస్, డేటా-రూట్ ఎస్‌ఎస్‌డీ మీద. డిసెంబర్‌లో కొత్తగా వేసిన డాకర్. ఈఎంఎంసీ 91 శాతం నిండి ఉంది. ఇన్నాళ్లూ లాగులు అనుకుంటూ జర్నల్ చెరుపుతూ వచ్చాను. దారి మార్చేలోపు డాకర్ ఇమేజ్ ప్రూన్ (అక్కర్లేని ఇమేజ్‌లు చెరిపే కమాండ్) కొడితే చోటు వస్తుందా?

రూట్_రమణి
ఆప్షన్లేమీ ఇవ్వకుండా కొడితే ట్యాగ్ లేనివే పోతాయి, కొంత వస్తుంది. "-a" ఆప్షన్‌తో కొడితే ఏ కంటైనరూ వాడని ఇమేజ్‌లన్నీ పోతాయి. కంటైనర్లు నడుస్తుండగానే కొట్టండి, డౌన్ చేశాక కొడితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ముందు డాకర్ సిస్టమ్ డీఎఫ్ ఏం చూపిస్తోందో ఇక్కడ పెట్టండి.